ఎగిరే క్లబ్బులో వంగని నడుములు

మా క్లబ్బు విమానానికి పంకా వెనక ఉండేది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే. ముందు ఇద్దరు కూర్చుంటారు. నెత్తి మీద గుడ్డ రెక్క, వీపు వెనక ఇంజను, ఇంజను వెనక కర్రతో చేసిన పంకా. నేల మీద పరుగెత్తేటప్పుడు చక్రాలు చింతగింజంత రాయిని ఎగరేసినా అది పోయి ఆ పంకాకే తగులుతుంది. పంకాకు గాటు పడిందంటే విమానం రేకుల షెడ్డులో, సభ్యులు ఇళ్లలో. కాబట్టి ఎగరాలంటే ముందు రన్‌వే మీద రాళ్లు ఏరాలి. రాళ్లు ఏరాలంటే వంగాలి. మా క్లబ్బులో ఆ ఒక్క పని తప్ప అన్నీ అందరికీ వచ్చు.

నాకు అసలే రాదు. మా తాత చేతిలో రుమాలు జారితే ఇద్దరు పరుగెత్తుకొచ్చేవారట. మా బాపు కాలానికి పరుగెత్తేవాళ్లు పోయారు, రుమాలు జారితే ఆయన కొత్తది తెప్పించుకునేవాడు. నా కాలానికి తెప్పించుకునే స్తోమత పోయింది, నడుము మాత్రం తాతదే మిగిలింది. భూములు సీలింగుకు కొన్ని, కోర్టులకు కొన్ని, బాపు పేకాటకు కొన్ని పోయాయి. కోటలాంటి మా గడి దర్వాజలు ఇప్పుడు ఏదో రిసార్టులో బారు వెనక అలంకారంగా నిలబడ్డాయని చూసొచ్చినవాళ్లు చెప్పారు. చూసొచ్చి చెప్పడానికి మా ఊళ్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

మిగిలింది ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డుకు లోపలగా ముప్పై ఎకరాల చెలక. దాని మీద నాకు ప్రేమ ఉందని ఎవరూ అనుకోవద్దు. జొన్న వేస్తే గడ్డి, గడ్డి వేస్తే రాళ్లు మొలిచే భూమి అది. అయితే ఔటర్ రింగు రోడ్డుకు కొలతలు మొదలైన ఆ రోజుల్లో మా చుట్టూ భూములన్నీ అమ్ముడుపోయాయి. తుర్కయాంజాల్‌లో నిన్న కందిచేను ఉన్నచోట ఇవాళ అపార్టుమెంటు, రావిర్యాల వైపు నిన్న మేకలున్నచోట ఇవాళ బోర్డు. నేను అమ్మలేదు. అమ్మితే "ఆఖరుది గూడ పాయె" అని ఊళ్లో అంటారు. ఆ మాట ఎవరు ముందు అంటారో, ఏ గొంతుతో అంటారో కూడా నాకు తెలుసు. ఆ ఒక్క మాట వినకుండా ఉండటానికే నేను విమానాల క్లబ్బు పెట్టాను. ఇంతకంటే పెద్ద కారణం చెప్తే అబద్ధమవుతుంది.

బ్రోకర్లు రోజూ వచ్చి, "దొరా, ఏం జేస్తరు గీ రాళ్ల చెలకను?" అని అడిగేవారు. ఏం చేస్తానో నాకే తెలియదు. అప్పుడే సికింద్రాబాద్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఎయిర్‌ఫోర్సులో రిటైరయ్యాడు, మనుషులకు అల్ట్రాలైట్ నడపడం నేర్పుతాడు, చదునైన నేల కోసం వెతుకుతున్నాడు. మా చెలక నడిమధ్యన నాలుగు వందల అంగలకు పైగా తిన్నగా నడిచి, వెనక్కి తిరిగి, చెరువు వైపు నుంచి వచ్చే గాలిని మొహం మీద పట్టి చూసుకుని, "ఇది రన్‌వే" అన్నాడు. నా భూమిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

అనుమతి కాగితాలు వచ్చాయి. ఎగరడానికి సంబంధించిన బాధ్యత అంతా ఆయనదే, సంతకం ఆయనదే. ప్రెసిడెంటును నేను. ఆయన సంతకం లేకపోతే క్లబ్బు లేదు. క్లబ్బు లేకపోతే బ్రోకర్లకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. నా స్థితి అంతే. కానీ ప్రెసిడెంటు అనే మాట మీద నేను చాలాకాలం బతికాను.

సభ్యులకు కొదవ లేదు. పందొమ్మిది మంది చేరారు. ఊళ్లో మట్టి అమ్మినవాళ్లంతా ఆకాశం కొనడానికి తయారుగా ఉన్న కాలం అది. మొదటి నెలలో వాళ్లు కొన్న నల్లకళ్లద్దాలు చూస్తే యుద్ధానికి పోతున్నారనుకుంటారు. ఒకాయన తోలు జాకెట్ వేసుకొచ్చాడు, మే నెలలో. విమానం పక్కన నిలబడి ఫొటో, రెక్క మీద చెయ్యి వేసి ఫొటో, లోపల కూర్చుని దూరం చూస్తూ ఫొటో. ఇంజను ఆపి ఉన్నప్పుడే అందరి మొహాల్లోనూ ధైర్యం బాగా పడేది.

వాళ్లలో ముఖ్యుడు ప్లాట్ల వ్యాపారి. మా చెలకకు ఆనుకుని ఉన్న వెంచరు అతనిదే. అతని తాత మా తాత గడిలో వెట్టి చేశాడు. ఈ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు, మేమిద్దరం దాని గురించి ఎన్నడూ మాట్లాడలేదు. అతను నన్ను "దొరా" అనేవాడు, చివరి అక్షరం జర సాగదీసి. నేను అతన్ని "మీరు" అనేవాణ్ని. అది నోటికి అలవాటు కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఇంకొకరు పళ్ల డాక్టరమ్మ, ఎల్‌బీ నగర్‌లో దవాఖాన. నేర్చుకున్నవాళ్లలో నిజంగా చెయ్యి తిరిగింది ఆమెకే. మిగిలినవాళ్లకు క్లబ్బు అంటే ఆదివారం ఇడ్లీ.

రెండో నెలలోనే పంకాకు గాటు పడింది. కొత్తది బెంగళూరు నుంచి రావాలి. వచ్చేదాకా ఆరు వారాలు విమానానికి పరదా కప్పి పెట్టాం. అది వచ్చిన రోజు గురువుగారు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. ఆ ఎయిర్‌ఫోర్సు పెద్దమనిషిని అందరూ గురువుగారనే అనేవాళ్లు. "ప్రతి ఆదివారం ఎగిరేముందు అందరం వరుసగా భుజం భుజం కలిపి ఈ కొసనుంచి ఆ కొసదాక నడవాలె. కనపడ్డ రాయి తియ్యాలె. ఫోర్సుల పెద్ద పెద్ద ఆఫీసర్లే తీస్తరు. మీరెంత?"

మాట నచ్చి నేనే నియమం రాసి షెడ్డుకు బోర్డు కట్టించాను. నెలకొక వంతు ఏరినవారికే ఎగిరే అవకాశం. ఏరినవాళ్ల పేర్లు గురువుగారి పుస్తకంలో.

మొదటి ఆదివారం ముగ్గురు వచ్చారు. రెండో ఆదివారం పదకొండు మంది వచ్చారు. నేను పొంగిపోయాను. దగ్గరికి పోయి చూస్తే పదకొండు మందీ డ్రైవర్లు. సభ్యులు షామియానా కింద ఇడ్లీ తింటున్నారు.

ప్లాట్ల వ్యాపారిని అడిగాను.

"నేనొస్తే ఏంది, నా మనిషొస్తే ఏంది, దొరా? రాయికి తెల్సా ఎవలు తీస్తున్నరో?"

 ఆ పదకొండు మందికి తోడు, నా వంతుకు నేనూ మా ఇంటి ముసలాయన్ను పంపాను. నలభై ఏళ్లుగా మా దగ్గరే ఉన్న మనిషి. నేను గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి, "అగో, ఆ ఎర్రరాయి వదిలిండ్రు," అని చూపెడుతున్నాను. ప్రెసిడెంటు పని అదేనని నా నమ్మకం.

డ్రైవర్లు, ముసలాయన వరుసగా వంగి నడుస్తూ మాట్లాడుకునే మాటలు గాలికి నా దాకా వచ్చేవి.

"తాతా, నడుము నొస్తలేదా?"

"నాకెందుకు నొస్తది బిడ్డా. మా అయ్య గీ చెల్కలనే రాళ్లేరిండు. అప్పుడేరితె జొన్నలు పండినయ్."

"ఇప్పుడేరితె?"

"దొరలు పండుతరు."

నవ్వులు. నేను గొడుగు ఇంకో చేతికి మార్చుకుని వినబడనట్టు చెరువు వైపు చూశాను.

ఏడాది దాకా ఇట్లా నడిచింది, ఏరేది డ్రైవర్లు, ఎగిరేది సభ్యులు. రన్‌వే అద్దంలా ఉంది, పంకాకు ఒక్క గాటు లేదు. ఇంతలో గురువుగారు ఒక పని చేశాడు. ఒక ఆదివారం పుస్తకం తెరిచి, మొదటి పేరు చదివి, "ఎక్కు" అన్నాడు. ఎక్కింది ప్లాట్ల వ్యాపారి డ్రైవరు. బోర్డు మీద నేను రాసిందే అది. ఏరినవారికే ఎగిరే అవకాశం. పుస్తకంలో ఉన్నవన్నీ డ్రైవర్ల పేర్లు, ఒకటి మా ముసలాయనది. సభ్యుల పేర్లు డాక్టరమ్మతో కలిపి మూడు.

డ్రైవరు చెరువు మీదుగా ఒక చుట్టు తిరిగి దిగాడు. దిగి తన ఓనరు దగ్గరికే వచ్చి చెప్పాడు. "సార్, మస్తుంటది సార్. మీరు గూడ ఒకసారి ఎక్కున్రి."

ఆ సాయంత్రమే నాకు పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. డ్రైవర్ను ఎక్కించి ఓనర్ను కింద నిలబెడతారా, ఇదేం క్లబ్బు, ఇదేం మర్యాద. పై ఆదివారం కమిటీ కూర్చుంది. మామూలుగా కోరం కోసం బతిమాలాల్సి వచ్చేది, ఆరోజు కుర్చీలు సరిపోలేదు. సభ్యులను క్లబ్బు పనుల్లో కలుపుకోవడం ఎట్లా అని ఏడాదిగా తల పట్టుకున్న నాకు అప్పుడు తెలిసింది, మావాళ్లు పని కోసం కదలరు, అవమానం కోసం పరుగెత్తుకొస్తారు. వంతుల నియమం తీసేయాలని అందరూ చెయ్యెత్తారు. డాక్టరమ్మ ఎత్తలేదు. నేను ఎత్తాను. ముసలాయన పేరు ఉండి నా పేరు లేని పుస్తకం నాకూ ఇష్టం లేదు.

 గురువుగారు పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. బోర్డు దించి షెడ్డు వెనక పడేశారు. డ్రైవర్లు కార్లలో ఏసీ వేసుకుని పడుకున్నారు.

తర్వాత దసరా వచ్చింది. దసరాకు బండ్లకు పూజ చేయడం మన దగ్గర అందరికీ ఉన్నదే, సైకిలు నుంచి లారీ దాకా. నిరుడు ఎవరికీ తోచలేదు, ఈసారి విమానానికి చేయకపోతే ఎట్లా? పందొమ్మిది మందీ కుటుంబాలతో వచ్చారు. విమానానికి బంతిపూల దండలు, రెక్కకు కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. ఇంతవరకు బాగానే ఉంది. కాయ ఎక్కడ కొట్టాలన్న దగ్గర నేను కలగజేసుకున్నాను.

"షెడ్డు కాడ కొడ్తె ఏం మర్యాద? రన్‌వే మొదట్ల కొట్టాలె," అన్నాను. "మొదటి కాయ నాది."

ఊరి జాతరలో మొదటి కాయ మా ఇంటిది. ఆ హక్కు పోయి ముప్పై ఏళ్లయింది. రన్‌వే మీదైనా దక్కించుకోవాలనిపించింది. కాయ కొట్టడానికి బండ కావాలంటే ప్లాట్ల వ్యాపారి తన వెంచరు నుంచి ఒక హద్దు రాతికడీ తెప్పించాడు. నేను మొదటి కాయ కొట్టాను. రెండోది అతను కొట్టాడు, నాకంటే గట్టిగా. అక్కడ మొదలైంది. ఎవరి కాయ వాళ్లదే, ఒకరి కాయతో ఇంకొకరికి పుణ్యం రాదట. పందొమ్మిది కాయలు, ఒక బూడిద గుమ్మడికాయ. పెంకులు ఆ మూల నుంచి ఈ మూల దాకా చెదిరాయి. పెద్ద చిప్పలు ప్రసాదానికి తీసుకున్నారు. చిన్నవాటి కోసం ఎవరూ వంగలేదు. ఎవరో కాలితో పక్కకు నెట్టారు, ఇంకెవరో ఇటు నెట్టారు.

ఇంట్లో పూజ ముగించుకుని గురువుగారు ఆలస్యంగా వచ్చాడు. "శుభ్రమైందా?" అని నన్నే అడిగాడు. "అయింది" అన్నాను. వంగి చూడకుండా చెప్పిన మాట అది.

పండుగ పూట మొదటి సవారీ ప్లాట్ల వ్యాపారిది. విమానం పరుగు అందుకుంది. సగం దూరం కూడా పోలేదు, తుపాకీ పేలినట్టు చప్పుడు. గురువుగారు ఇంజను ఆపి విమానాన్ని ఆపాడు. ఇద్దరికీ ఏం కాలేదు. పంకా కొస జానెడు లేదు. గాలిలోకి లేచాక జరిగి ఉంటే ఇద్దరూ చెరువులో ఉండేవాళ్లు. ఆయన వెనక్కి నడుస్తూ వచ్చి, వెతికి, కొబ్బరి పెంకు ముక్క ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"ప్రెసిడెంటుగారూ, కొత్త పంకా వచ్చేదాక ఉంట. అది వచ్చిన ఆదివారం, కాయలు కొట్టినోళ్లే ఈ బాట మొత్తం నడిచి ఏరాలె. మనుషుల్ని పంపుడు లేదు. లేకుంటే నా సంతకం వాపస్ తీస్కుంట."

ప్లాట్ల వ్యాపారి విమానం దిగి, కాళ్లు వణుకుతున్నా సరే, వణకనట్టు నా పక్కకు వచ్చాడు. "పోనియ్యిన్రి దొరా. ఈయన పోతే పోయిండు. గీ బాటనే నడిమి రోడ్డు జేసి అటొకటి ఇటొకటి ప్లాట్లు గొడ్తె మస్తు లేఅవుటు అయితది. నేను సూస్కుంట."

కాళ్లు వణుకుతుండగానే లేఅవుటు గీసిన మనిషిని ఆ ఒక్కణ్నే చూశాను. సంతకం పోతే తర్వాత జరిగేది ఏమిటో అతను నా కళ్లముందే పరిచాడు. ఆఖరుది కూడా పోవడం అంటే ఇట్లా ఉంటుంది.

పంకా వచ్చేదాకా ఆరు వారాలు, ఏరడానికి రమ్మని సభ్యులకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో అడగడం అనేది లేదు, చెప్పడమే ఉండేది. కాబట్టి అడగడం కూడా చెప్పినట్టే అడిగాను. ఒక సాఫ్ట్‌వేరాయన రావడానికి వీలు కాదు కానీ ఎవరు ఎప్పుడు ఏరాలో కంప్యూటర్లో రంగురంగుల పట్టిక చేసి పంపుతానన్నాడు. పంపాడు కూడా. అందులో అతని పేరు లేదు. డాక్టరమ్మ మాత్రం, "అన్నా, వారమంత జనాల నోట్లకు వంగుత. ఆదివారం భూమికి గూడ వంగాల్నా?" అంది. మళ్లీ తనే, "సరే, వస్త తియ్. భూమి నోరు కంపు గొట్టదు," అంది. ప్లాట్ల వ్యాపారి ముప్పై మంది కూలీలను పంపుతానన్నాడు.

పంకా వచ్చింది. ఆదివారం పొద్దున్నే పోయాను. ముసలాయన ఆరోజు లేడు. మనవరాలి సంబంధం మాట్లాడటానికి అబ్దుల్లాపూర్‌మెట్ పోతానని ముందురోజే చెప్పాడు. అడగలేదు, చెప్పాడు. మా ఇంట్లో నేర్చుకున్నదే.

సభ్యులు పన్నెండు మంది వచ్చారు. ఏరడానికి కాదు, ఏం జరుగుతుందో చూడటానికి. గురువుగారు పంకా ఉన్న పెట్టెను రన్‌వే మొదట్లో పెట్టి, విప్పకుండా దాని మీదే కూర్చున్నాడు. డ్రైవర్లను మాత్రం షామియానా కిందికి పిలిచి, కుర్చీల్లో కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టించాడు. వాళ్లు మొదట మొహమాటపడ్డారు. రెండో ప్లేటుకు మొహమాటం పోయింది.

మేం ఎండలో నిలబడ్డాం. ఎవరూ కదల్లేదు. ఒకరు ఫోను చూసుకున్నారు, ఒకరు బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నారు. వంగడానికి అదొక సాకు.

షామియానా కింద నుంచి ఒక డ్రైవరు గట్టిగానే అన్నాడు. "అన్నా, ఇంకింత చట్నీ వెయ్యి. సార్లు ఇప్పట్ల వంగెటట్టు లేరు."

గురువుగారు గడియారం చూసుకున్నాడు. పెట్టె మీద నుంచి లేచాడు. లేవడమంటే వెళ్లిపోవడమేనని నాకు అర్థమైంది. అప్పుడు వంగాను.

గొప్ప పనేమీ కాదు. మోకాళ్లు రెండూ చప్పుడు చేశాయి, చొక్కా వెనక కుట్టు పటుక్కుమంది, తల తిరిగింది. గోలికాయంత రాయి, ఏ విశేషమూ లేనిది. తీసి జేబులో వేసుకున్నాను. పక్కకు పడేయాలని తోచలేదు. ఎప్పుడూ చేసింది కాదు కదా. నా వెనకే డాక్టరమ్మ వంగింది, చకచకా రెండు మూడు ఏరింది.

ప్లాట్ల వ్యాపారి నవ్వు ఆపుకోలేదు. "దొరా, మీరు వంగంగ సూస్తనని కలల గూడ అనుకోలె. మా తాత ఉంటే బాగుండు."

అది అతను ఏడాదిన్నరగా నోట్లో పెట్టుకున్న మాట. నాకు తగలాల్సినచోటే తగిలింది. అందుకని నా మీరూ గీరూ ఊడిపోయింది.

"మీ తాతైతే ఈపాటికి సగం ఏరేటోడు," అన్నాను. "నీకు చేతనైతదా?"

షామియానా కింద నవ్వారు. అతని డ్రైవరు అందరికంటే గట్టిగా నవ్వాడు. ప్లాట్ల వ్యాపారి మొహం గట్టిపడింది. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టి, తెల్లప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని వంగాడు. ఒకటి కాదు, గుప్పెడు తీసి నాకు చూపించాడు. నేను ఇంకో గుప్పెడు తీశాను. మా ఇద్దరి కంటే తక్కువ కనబడటం ఇష్టం లేక తోలు జాకెట్టాయన వంగాడు. ఆయన వంగాక సాఫ్ట్‌వేరాయనకు నిలబడటం కష్టమైంది.

క్లబ్బులు స్నేహంతో నడుస్తాయని చదువుకున్నవాళ్లు చెప్తారు. మాది పంతంతో నడిచింది. నా పక్కవాడికంటే నేను తక్కువ ఏరానని ఊళ్లో అనుకుంటారేమోనన్న భయంతో పన్నెండు మంది పెద్దమనుషులు నాలుగు వందల అంగలు వంగి నడిచారు. నడిపించింది డ్రైవర్లు. "సార్, ఎడమ దిక్కు ఒకటి ఇడ్సిండ్రు!" "డాక్టరమ్మా, మీరు సూపరు!" "దొరా, అది రాయి గాదు, మేక పెంటిక!" ఆ మేక పెంటిక అప్పటికే నా వేళ్ల మధ్య ఉంది.

అవతలి కొసకు చేరేసరికి ఎవరూ తిన్నగా నిలబడలేకపోయారు. మేం వెనక్కి వచ్చాక గురువుగారు పెట్టె విప్పాడు. పంకా బిగించడానికి గంట పట్టింది. బిగించాక సంచిలోంచి పాత పుస్తకం తీసి పన్నెండు పేర్లు రాసుకున్నాడు. నా పేరు రాసేటప్పుడు ఇంటిపేరు కూడా రాస్తాడేమోనని చూశాను. రాయలేదు. సంతకం వాపస్ మాట ఎత్తలేదు.

ప్లాట్ల వ్యాపారి నా పక్కన కూలబడి నడుము పట్టుకుని కూర్చున్నాడు. 

"వచ్చే ఆదివారం ఎన్నింటికొస్తున్నరు, దొరా?"

"ఐదున్నరకు."

"అట్లనా. నేను ఐదింటికే ఉంట."

ఇంటికి పోయి గడియారానికి నాలుగున్నరకు అలారం పెట్టుకున్నాను.